ఏనుగు లేని గొంతు

మా ఆవిడ కిటికీలు చేస్తుంది. ఈ మాట మొదట అన్నది మా అమ్మ. మా పెళ్లైన కొత్తలో ఎవరో "కోడలు ఏం చేస్తుందమ్మా?" అని అడిగితే, నేను చెప్పింది సగం విని సగం వదిలేసి, "కంప్యూటర్లో కిటికీలు చేస్తుందట" అంది. ఆ మాట ఆ నోటా ఈ నోటా పడి వీధి చివరికి చేరేసరికి కంప్యూటర్ ఎక్కడో జారిపోయి కిటికీలు మాత్రం మిగిలాయి. ఇళ్లు కట్టే మేస్త్రి ఒకాయన ఏకంగా మా గుమ్మంలోకే వచ్చి, చెక్కవైతే ఎంత, అల్యూమినియంవైతే ఎంత అని బేరం మొదలుపెట్టాడు. మా ఆవిడ తడుముకోకుండా, "నా కిటికీల్లోంచి గాలి రాదండీ, వెలుతురొక్కటే వస్తుంది" అంది. అప్పటినుంచి వీధి మొత్తానికి ఆవిడ కిటికీలక్కయ్య.

నేను దర్జీని. ముందు గదిలో నా మిషను, వెనక గదిలో ఆవిడ మిషను. మధ్యలో ఒక గుమ్మం, దానికి నేనే కుట్టిన తెర. ఆవిడ చేసే పని నాకు అర్థమైనంత వరకూ చెబుతాను. తప్పుంటే ఆవిడ చదివి ఎలాగూ దిద్దుతుంది. కళ్లజోళ్ల కొట్లో, పళ్ల డాక్టరు దగ్గర, రంగులు కలిపే దుకాణంలో బల్ల మీద ఒక కంప్యూటర్ ఉంటుంది కదా. దాని తెర మీద పేరు రాసే గడి, నొక్కే బటను, కిందికి జారే పట్టీ, ఇవన్నీ ఎవరో ఒకరు కూర్చిపెట్టాలి. ఆ ఎవరో ఒకరు మా ఆవిడ. గడుల్నీ బటన్లనీ ఆవిడ మొదటినుంచీ గీసుకుంటూ కూర్చోదు. నేను గుండీలూ దారమూ బజార్లో తెచ్చుకున్నట్టే వాళ్లకీ అలాంటి సరుకు తయారుగా దొరుకుతుంది. దాన్ని టూల్‌కిట్ అంటారట. చిక్కల్లా ఎక్కడంటే, ఆ సరుకు చేసేవాళ్లు ఊరుకోరు. కొన్నాళ్లకొక కొత్త వెర్షను వదులుతారు. కొత్తది మంచిదే, కాదనను. కానీ నిన్నటి కాజాలో ఇవాళ్టి గుండీ పట్టదు.

అందుకే మా ఆవిడ పనిలో కొత్తగా చేసేది తక్కువ, పట్టనివాటికి పొత్తు కుదిర్చేది ఎక్కువ. పొద్దున్నే ఫోను మోగుతుంది. అవతలివాళ్లు ఎవరైనా సరే, ఏ వ్యాపారమైనా సరే, మొదటి మాట ఒకటే: "నేనేం ముట్టుకోలేదమ్మా, నిన్నటిదాకా బాగానే పనిచేసింది." దానికి ఆవిడ జవాబూ ఒకటే: "మీరు ముట్టుకోలేదు బాబూ, అదే ముట్టుకుంది." అంటే కంప్యూటర్ తనంతట తాను దేన్నో కొత్తది తెచ్చిపెట్టుకుందని అర్థం. ఇక అక్కణ్ణుంచి విచారణ మొదలు. ఎవరు కొత్తగా వచ్చారు, వాళ్లకి ఎవరితో పడటం లేదు, ఎవరు ఎవరిని చూసి అలిగారు. సంబంధాలు కుదిర్చే పేరయ్య కూడా అంత ఓపికగా అడగడు.

ఆవిడకి ఒక పద్ధతి ఉంది. ఒకే సరుకులో ఒక ప్రోగ్రాముకి పాత వెర్షను కావాలి, ఇంకోదానికి కొత్తది కావాలి అనుకోండి, రెంటినీ ఒకచోట పెట్టి సర్దుకోమనదు. దేనికది విడిగా ఒక చోటు కట్టిస్తుంది. దాని సరుకు దానిదే, దాని వెర్షన్లు దానివే. దీనికి ఇంగ్లీషులో ఏదో పెద్ద పేరుంది. మా ఆవిడ మాత్రం వేరు కాపురం అంటుంది. మా అమ్మ ఉన్న రోజుల్లో ఒకసారి వెనక గదిలోంచి ఈవిడ ఫోనులో, "ఎన్నాళ్లని సర్దిచెప్తామండీ, ఇక లాభం లేదని వేరు కాపురం పెట్టించేశాను, ఇప్పుడు హాయిగా ఉంది" అనడం విన్నది. ఆ పూట మా అమ్మ అన్నం ముట్టలేదు. సాయంత్రానికి నన్ను పిలిచి, "ఏరా, ఇల్లు ఎక్కడ చూశారు?" అని అడిగింది. విషయం చెప్పి నవ్వించడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది. నవ్వింది కానీ, ఆ తర్వాత కూడా ఆ మాట వినపడినప్పుడల్లా తెర పక్కకి జరిపి ఒకసారి చూసి వెళ్లేది.

ఇప్పుడు మా చెల్లెలి సంగతి చెప్పాలి, ఎందుకంటే మా ఆవిడ చేసిన కిటికీలన్నిట్లోకీ పెద్దది దానికోసం చేసిందే. మేమంతా దాన్ని చిట్టి అంటాం. మా మేడ మీది గదిలో ఉంటుంది. ఒకటో తరగతి టీచరు. గొంతున్న రోజుల్లో చిట్టిది మామూలు నోరు కాదు. వదినా మరదళ్లిద్దరూ వెనక గదిలో ఒకరినొకరు ఆటపట్టించుకుంటూ ఉంటే ముందు గదిలో నాకు సూదిలో దారం ఎక్కేది కాదు. "వదినా, మా అన్నయ్యకి కొలతలు తియ్యడం తప్ప ఏం రాదు, నువ్వు ఏం చూసి చేసుకున్నావే?" అని ఇది, "ఆ కొలతల్లో మీ నోరు పట్టలేదనే కదమ్మా నన్ను తెచ్చుకున్నారు" అని ఆవిడ.

తర్వాత చిట్టి గొంతులో గడ్డ వచ్చింది. ప్రాణం దక్కాలంటే స్వరపేటిక తీసెయ్యక తప్పదన్నారు డాక్టర్లు. తీసేస్తే ఇక మాట రాదు. నేనూ చిట్టీ ఏడుస్తూ కూర్చున్నాం. మా ఆవిడ ఏడవలేదు. తెలిసిన సౌండు ఇంజనీరు ఒకాయనకి ఫోను చేసి, ఆపరేషనుకి ముందు వారమంతా చిట్టిని ఆయన గదికి తీసుకెళ్లింది. గోడలకి స్పాంజి అంటించిన చిన్న గది, గుడ్డ చుట్టిన మైకు. చిట్టి ఆ మైకు ముందు కూర్చుని, ముందుముందు తనకి ఏ మాటలు కావాలో ఊహించుకుని, గొంతు పట్టేసేదాకా చదివింది. ఆ మాటల్ని ఏ వరసలో కావాలంటే ఆ వరసలో అతికి వాక్యంగా పలికించే ప్రోగ్రాము ముక్క ఒకటి ఆ ఇంజనీరు తయారుచేశాడు. ఆ ముక్కకి మా ఆవిడ కిటికీ కట్టింది. తెర మీద బటన్లు ఉంటాయి. కీబోర్డు కింది పలక మీద వేలు రాస్తూ తెర మీది బాణాన్ని జరిపి నొక్కితే చిట్టి గొంతే మాట్లాడుతుంది.

ఆ కంప్యూటర్ పట్టుకుని చిట్టి బడికి వెళ్లింది. హెడ్మిస్ట్రెస్ మంచావిడ, రానిచ్చింది. అక్కడ తేలింది అసలు సంగతి. ఆ మైకు ముందు కూర్చున్నప్పుడు చిట్టి తను మళ్లీ పిల్లల ముందు నిలబడతానని అనుకోలేదు. డాక్టర్లతో, నర్సులతో, కొట్లవాళ్లతో, పెద్దవాళ్లతో మాట్లాడాల్సి వస్తుందనుకుంది. అందుకని ప్రతి మాటా మర్యాదగానే చదివింది. చెప్పండి, ఇవ్వండి, వద్దండి, మీరు, మీకు. నువ్వు అన్న మాటే లేదు. రా లేదు, పో లేదు. దాంతో ముక్కు కారుతున్న ఒకటో తరగతి వెధవ ఒక్కొక్కణ్ణీ లేపి "మీరు చదవండి", "మీరు చూపించండి" అని అడగాల్సి వచ్చింది. పిల్లలు మొదట పడీ పడీ నవ్వారు. తర్వాత మెల్లిగా ఏమైందో ఏమో, ఆ తరగతిలో పిల్లలు చొక్కా గుండీలు సరిగ్గా పెట్టుకుని రావడం మొదలుపెట్టారు. మిగతా తరగతులవాళ్లు చిట్టిని అండి టీచర్ అనేవారు.

నాకు ఆ గొంతంటే ప్రాణం. మా అమ్మ గొంతులో ఉండే గరుకు కాస్త చిట్టి గొంతులోనూ ఉంది. సాయంత్రం చిట్టి మేడ మీద బడి పని చేసుకుంటూ బటన్లు సరిచూసుకుంటుంటే, మిషను ఆపి వినేవాణ్ణి.

ఈ ఏడాది వేసవి సెలవల్లో ఆ కంప్యూటర్ పొగ వదిలి చచ్చిపోయింది. బడివాళ్లు ఈలోగా తరగతి గదులన్నిట్లో గోడకి పెద్ద పెద్ద తెరలు బిగించారు. వేలుతో ముట్టుకుంటే పనిచేసే రకం. హెడ్మిస్ట్రెస్ చిట్టికి కబురు చేసింది. బళ్లు తెరిచేనాటికి నీ మాట్లాడే ప్రోగ్రాము ఈ కొత్త తెర మీద నడవాలి, నడిస్తే తరగతి నీదే, నడవకపోతే నిన్ను లైబ్రరీలోకి మార్చక తప్పదు, పిల్లల్ని మాట లేకుండా కూర్చోబెట్టలేను కదా అని. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. చిట్టి తల ఊపి వచ్చేసింది. వచ్చి ఫోనులో టైపు చేసి మా ఆవిడకి చూపించింది: "వదినా, లైబ్రరీలో నాకు ఊపిరాడదు."

"నేనున్నానుగా" అంది మా ఆవిడ. అంత తేలిగ్గా అనకుండా ఉండాల్సింది.

బడివాళ్లు అదే రకం కొత్త కంప్యూటర్ ఒకటి ఇంటికి పంపించారు. మా ఆవిడ తన దగ్గర దాచి ఉంచిన పాత ప్రోగ్రాముని ఉన్నదున్నట్టు అందులో పెట్టింది. తెరుచుకుంది. కానీ పాత టూల్‌కిట్‌కి వేలు ముట్టుకోవడమంటే ఏమిటో తెలియదు. వేలు పెట్టి ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. పైగా కొత్త తెరలో చుక్కలు మరీ దగ్గర దగ్గరగా ఉండటంతో బటన్లన్నీ ఆవగింజలంత అయిపోయాయి. సరేనని టూల్‌కిట్ కొత్త వెర్షను తెచ్చింది. బటన్లు పెద్దవయ్యాయి, వేలు పెడితే పలికాయి. అంటే మెరిశాయి, పలకలేదు. కొత్త టూల్‌కిట్ అరవై నాలుగు బిట్ల రకంలోనే వస్తుందట, బిట్లంటే అదేదో వాళ్ల కొలత. ఇంజనీరు చేసిన గొంతు ముక్క పాతకాలపు ముప్ఫై రెండు బిట్లది. ఆ రెండూ ఒకే ప్రోగ్రాములో ఉండనే ఉండవు. బలవంతాన పెడితే ప్రోగ్రాము తెరుచుకోకుండానే మూసుకుపోతుంది.

మధ్యలో ఒక వెర్షను ఉంది, అది రెండు రకాల్లోనూ వస్తుంది. దాన్ని పెట్టింది. వేలు పలికింది, గొంతూ పలికింది. మా ఆవిడ "ఏమండీ!" అని అరిస్తే, సూది వదిలేసి పరిగెత్తాను. తెర మీద చూస్తే ఒత్తులన్నీ ఊడిపోయి ఉన్నాయి. అమ్మలో మ కింద ఉండాల్సిన మ పక్కకి వచ్చి నిలబడింది. పువ్వు రెండు ముక్కలైంది. దానికి ఆవిడ ఎన్ని మందులు వేసినా ఒక చోట ఒత్తు కుదిరితే ఇంకోచోట ఊడింది. ఒకటో తరగతి పిల్లలు చూసి నేర్చుకునే తెర అది. "ఇలాంటి అమ్మని పిల్లలకి చూపించమంటారా?" అని తల పట్టుకుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు, ఆవిడకి మధ్యలో నిలబడే చోటులో కూడా గొయ్యే ఉంది.

"ఆ ఇంజనీర్నే అడిగి కొత్తగా చేయించవచ్చుగా?" అన్నాను.

"ఆయన ఆ పని మానేసి చాలాకాలమైంది. అసలు రాత ఏదీ దాచుకోలేదు. నా దగ్గరున్నది మూత వేసిన డబ్బా, తెరవడానికి లేదు."

"పోనీ ఆ డబ్బా చేత అన్ని మాటలూ పలికించి, మళ్లీ రికార్డు చేసుకుంటే?"

ఆవిడ నావైపు కాస్త మెచ్చుకోలుగా చూసింది. "ఆ బుద్ధి నాకూ పుట్టింది. చేసి చూశాను. అతుకులు వినిపిస్తున్నాయండీ. రైలు ఎన్నో నంబరు ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్తున్నట్టుంది. ఆయన అతుకు ఆయనదే."

అతుకు కనబడకుండా కుట్టడం ఎంత కష్టమో నాకు తెలుసు కాబట్టి వెళ్లి నా మిషను ముందు కూర్చున్నాను.

సెలవలు కరిగిపోతున్నాయి. ఒకరోజు భోజనాల దగ్గర మా ఆవిడ ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగి, "ఒకే ప్రోగ్రాము అని ఎవరన్నారు?" అంది. నేను అనలేదన్నాను. ఆవిడ వినిపించుకోలేదు. చెయ్యి కడుక్కుని వెనక గదిలోకి వెళ్లిపోయింది. చేసిందేమిటంటే, కిటికీని ఒక ప్రోగ్రాముగా, గొంతుని ఇంకో ప్రోగ్రాముగా విడదీసింది. కిటికీ కొత్త టూల్‌కిట్‌తో ముందు ఉంటుంది. గొంతు తన పాత సరుకంతా కట్టుకుని వెనకాల, తెర మీద కనిపించకుండా ఉంటుంది. చిట్టి బటను నొక్కితే కిటికీ ఒక చీటీ రాసి గోడలో కన్నంలోంచి అటు పడేస్తుంది. గొంతు ఆ చీటీ చదివి పలుకుతుంది. ఒకరి వెర్షను ఏమిటో ఇంకొకరికి తెలియాల్సిన పనే లేదు. ఈ పద్ధతి కొత్తదేం కాదనీ, అలసిపోయి తట్టలేదనీ ఆవిడే తర్వాత చెప్పింది. కానీ ఆ మధ్యాహ్నం తెరలోంచి చిట్టి గొంతు "నమస్కారమండి" అన్నప్పుడు, మా ఇంట్లోకి మనిషి తిరిగొచ్చినట్టే అనిపించింది నాకు.

చిట్టిని పిలిచాం. మెట్లు దిగి పరుగున వచ్చింది. మా ఆవిడ కుర్చీ ఇచ్చి పక్కకి తప్పుకుంది. మొహంలో ఆ గర్వం దాచుకోవడం ఆవిడకి చేతకాదు. చిట్టి వేలు పెట్టింది. "మీరు చెప్పండి" అంది తెర. "చాలా బాగుందండి" అంది. చిట్టి వదిన చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. తర్వాత దాని కన్ను తెర మూల ఉన్న చిన్న బటను మీద పడింది.

"అదేం లేదులే, పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి పెట్టుకున్నా. కంప్యూటర్‌తో పాటు వచ్చే గొంతు, ఏది టైపు చేస్తే అది చదువుతుంది. తీసేస్తాను" అంది మా ఆవిడ.

చిట్టి ఆ బటను నొక్కి, గడిలో ఒక మాట టైపు చేసింది. వార్తలు చదివే ఆవిడ లాంటి చల్లటి గొంతు ఒకటి "ఏనుగు" అంది.

చిట్టి మళ్లీ టైపు చేసింది. "ఏనుగు తొండంతో నీళ్లు చిమ్మింది." మళ్లీ. "ఒరేయ్ అల్లరి వెధవా, కూర్చో." ఆ వార్తలావిడ ఎంతో మర్యాదగా వెధవా అనేసరికి చిట్టికి భుజాలు ఎగిరెగిరి పడేంత నవ్వొచ్చింది. చప్పుడు లేని నవ్వు. నవ్వీ నవ్వీ, కళ్లు తుడుచుకుని, ఫోను తీసి టైపు చేసి వదినకి చూపించింది.

"నాకు ఇది చాలు వదినా. పాతది తీసెయ్."

మా ఆవిడ మొహం పాలిపోయింది. "తీసెయ్యడమేంటే? సెలవలన్నీ దానికోసమే కదే కూర్చున్నాను?"

నేను ఆగలేకపోయాను. "అది మన ఇంటి గొంతు! ఈ చదివేది ఎవత్తె? దీని గొంతుతో నువ్వు మాట్లాడితే నువ్వని ఎవరనుకుంటారు?" అని కేకలేశాను. నా కోపానికి కారణం నాకు అప్పుడే తెలుసు. ఆ గొంతు పోతే నాకు వినడానికి ఇంకేం మిగలదు.

చిట్టి చాలాసేపు టైపు చేసింది. ఈసారి ఫోను నా చేతికిచ్చింది.

"అన్నయ్యా, నువ్వు గొంతు వింటావు, మాటలు ఎప్పుడైనా విన్నావా? నొప్పిగా ఉందండి. నీళ్లివ్వండి. నర్సుగారిని పిలవండి. అది చచ్చిపోతానేమో అని భయపడుతున్న మనిషి గొంతు. ఆ మైకు ముందు చివరిరోజు అలవాటు కొద్దీ అక్షరాలు చదివాను, మాటల దాకా వచ్చేసరికి గొంతు పట్టేసింది. అందుకే ఏ ఉంది, ఏనుగు లేదు. ఇన్నాళ్లూ బొమ్మ చూపించి ఊరుకుంటున్నా. ఒక్క కథ చెప్పలేకపోయాను. ఎప్పుడో అడుగుదామనుకున్నా, ఆ గొంతు వింటున్నప్పుడు మీ ఇద్దరి మొహాలు చూసి నోరు రాలేదు. నేను బతికాను కదా. బతికి ఏనుగు అనలేకపోతే ఎలా?"

నోరు రాలేదు అని అదే రాసింది. నేను ఫోను తిరిగిచ్చేసి ముందు గదిలోకి వచ్చి కూర్చున్నాను. ఆ పూట ఏ గుడ్డ కోశానో ఎలా కోశానో నాకే తెలియదు.

తర్వాత రెండు మూడు రోజులు ఇంట్లో ముగ్గురం మూడు దిక్కులు. చిట్టి మేడ దిగలేదు. మా ఆవిడ వెనక గదిలో దీపం వేసుకుని ఊరికే కూర్చునేది. బళ్లు తెరిచే రోజు దగ్గరికొచ్చేసింది. ఒక పొద్దున ఆవిడ గుమ్మం తెర తప్పించుకుని వచ్చి నా మిషను పక్క స్టూలు మీద కూర్చుంది.

"పాత వెర్షను పట్టుకుని వేళ్లాడతారని నా కస్టమర్లని నేను తిడతాను కదండీ."

"తిడతావు."

"ఎవరికి ఏ కిటికీ కావాలో అడక్కుండా కట్టేవాళ్లని ఇంకా ఎక్కువ తిడతాను."

"అవును."

"చిట్టిని నేను అడగనేలేదు. ఆ గొంతు నడిపించాలి, ఎలా నడిపించాలి, అదే ధ్యాస. దానికి ఆ గొంతు కావాలా అని ఒక్కసారి తోచలేదు నాకు." చీర కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఆపరేషను రోజున ఏడవని మనిషి.

లేచి మేడ మీదికి వెళ్లింది. మెట్ల కింద నిలబడి నేను విన్నాను. "చూడవే, కొత్త గొంతుకి కూడా వేరు కాపురం పెట్టిస్తా. ముందు కిటికీ ఒక్కటే, వెనక ఇళ్లు రెండు. ప్రతి బటనుకీ పక్కన ఒక గుర్తు ఉంటుంది, అది ఎవరింటికి వెళ్లాలో నువ్వే చెప్పు. అన్నీ కొత్తావిడకే ఇచ్చేస్తానంటే ఇచ్చెయ్. కానీ తీసెయ్యమని నాతో అనకు. నా చేత్తో తియ్యలేను." కాసేపటికి ఇద్దరూ కిందికొచ్చారు. చిట్టి నావైపు చూడకుండా నా నెత్తిన ఒకటి మొట్టి వెనక గదిలోకి వెళ్లింది.

ఆ సాయంత్రం చిట్టి కూర్చుని, పాతవీ కొత్తగా చేర్చినవీ, ఒక్కొక్క బటనే పంచింది. నేను గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉన్నాను. కథలు కొత్తావిడకి వెళ్లాయి. తిట్లు వెళ్లాయి. అంకెలు, ఆటలు, జంతువులు, నువ్వు, రా, పో అన్నీ వెళ్లాయి. నొప్పిగా ఉందండి అన్న బటను దగ్గర ఆగి, దాన్ని తెర మీదినుంచే తీసేసింది. చివరికి పాత ఇంట్లో మిగిలినవి చేతి వేళ్లమీద లెక్కపెట్టేటన్ని. అవునండి. కాదండి. కూర్చోండి. థాంక్సండి. చాలా బాగుందండి. వీటినెందుకు ఉంచావే అని అడిగితే, తెలీదన్నట్టు పెదవి విరిచింది.

బళ్లు తెరిచిన రోజున నాకు అక్కడ పనుంది. యూనిఫాం కొలతలకి ఏటా నన్నే పిలుస్తారు. ఒకటో తరగతి వంతు వచ్చేసరికి టేపు మెళ్లో వేసుకుని లోపలికెళ్లి, వెనక వరసలో పిల్లల్ని ఒక్కొక్కరినీ లేపి భుజాలు కొలవడం మొదలుపెట్టాను. అంతా కొత్త పిల్లలు. అండి టీచర్ సంగతి ఎవరికీ తెలియదు. చిట్టి మెడకి చిన్న గుడ్డ చుట్టుకుని పెద్ద తెర పక్కన నిలబడి ఉంది. వేలు పెట్టింది. "గుడ్ మార్నింగ్ పిల్లలూ" అంది వార్తలావిడ. పిల్లలందరూ అరిచారు. తర్వాత ఏనుగు కథ. ఆ గొంతు మీద నాకు కోపం పోయిందని చెప్పను, కానీ ఏనుగు బురదలో జారిపడిన చోట నా చేతిలో ఉన్న పిల్లాడు నవ్వుతూ కదిలిపోయి కొలత ఇవ్వలేదు.

కథ అయ్యాక చిట్టి ముందు వరసలో ఒక పిల్లని లేపి తెర మీద అక్షరాలు చూపించింది. ముందు పళ్లు రెండూ ఊడిన పిల్ల. ఏ అంటే ఏనుగు అని తప్పుల్లేకుండా చెప్పింది. చిట్టి వేలు తెర మీద ఇంకో మూలకి వెళ్లింది.

"చాలా బాగుందండి."

మా గొంతు. పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆ పిల్ల మాత్రం నవ్వలేదు. తెరవైపు అనుమానంగా చూసింది.

"టీచర్, అందులో ఇద్దరు టీచర్లున్నారా?"

చిట్టి ఏం చెప్పాలో ఆలోచించింది. కొత్త గొంతుతో ఎంత పొడుగు జవాబైనా చెప్పవచ్చు. ఒకే టీచరమ్మా, రెండు గొంతులు అనొచ్చు. అది టైపు చెయ్యలేదు.

"అవునండి" అంది పాత గొంతు.

ఆ పిల్ల ఇంకాస్త ఆలోచించింది. "మరి ఆవిడకి మేం గుడ్ మార్నింగ్ చెప్పలేదుగా" అంది. చిట్టి చెప్పకముందే ఎవరో లేచారు, వాళ్లని చూసి పక్కవాళ్లు, బెంచీలు కిర్రుమంటుండగా తరగతి మొత్తం లేచి నిలబడింది. నా దగ్గరున్న పిల్లాడు కూడా టేపుతో సహా అటు తిరిగాడు. అందరూ కలిసి గదంతా దద్దరిల్లేలా ఆ రెండో ఆవిడకి గుడ్ మార్నింగ్ చెప్పారు.

చిట్టి చెయ్యి మెడ దగ్గరి గుడ్డ మీద ఉంది. స్పాంజి గదిలో మైకు ముందు ఒంటరిగా కూర్చుని భయంతో చదివిన మనిషికి, ఇన్నాళ్లకి ఎవరో తిరిగి పలకరించారు. పిల్లలు కూర్చోకుండా జవాబు కోసం ఎదురుచూస్తున్నారు. చిట్టి వాళ్లని చాలాసేపే నిలబెట్టింది. తర్వాత నొక్కింది.

"థాంక్సండి. కూర్చోండి."

ఇంటికొచ్చి మా ఆవిడకి అంతా చెప్పాను. చేతిలో ఉన్న కీబోర్డు ఒళ్లో పెట్టుకుని, మధ్యలో ఒక్క మాట కూడా అడ్డుపడకుండా వింది. నాకు తెలిసి అలా వినడం అదే మొదలు. అయిపోయాక కాసేపు కిటికీలోంచి, అంటే నిజం కిటికీలోంచి, వీధిలోకి చూస్తూ కూర్చుంది.

"ఇంకోసారి చెప్పండి" అంది.

మళ్లీ మొదటినుంచీ చెప్పాను.